నాటకమునకు ముందటి ఆట: నటబృందములలో నమ్మకమును పెంచిన క్రీడల చరిత్ర

తెలుగు భాషలో ‘ఆట’ యను మాటకు గల విస్తృతి గమనింపదగినది. పిల్లలు వీధిలో ఆడుకొనునది ఆట. భాగవతులు తెల్లవార్లు ప్రదర్శించునది ఆట. తోలుబొమ్మలాట సరే, పట్టణమునందలి సినిమా ప్రదర్శనమును గూడ జనులు మొదటి ఆట, రెండవ ఆట యనియే చెప్పుకొందురు. క్రీడకును నాటకమునకును ఒక్కటే పేరు చెల్లుట ఊరకే కలిగినది కాదని భరతముని నాట్యశాస్త్రమందలి మొదటి అధ్యాయము చదివినవారికి తోచును. అందు ఇంద్రాది దేవతలు బ్రహ్మయొద్దకు పోయి కంటికి కనబడునదియు, చెవికి వినబడునదియు నగు క్రీడనీయకము నొకదానిని, అనగా ఆడుకొనుటకు తగిన వస్తువును, కోరిరి. అంతట బ్రహ్మ ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామవేదమునుండి గీతమును, యజుర్వేదమునుండి అభినయమును, అథర్వవేదమునుండి రసములను గ్రహించి నాట్యవేదమును నిర్మించెను. ఈ కథ ప్రకారము నాటకమునకు పుట్టక ముందే ఏర్పడిన పేరు ఆటవస్తువు.

ఆ అధ్యాయమందే మరియొక వృత్తాంతము కలదు. భరతుడు తన నూర్గురు కొడుకులతో ఇంద్రధ్వజ మహోత్సవమునందు తొలి ప్రదర్శనము ప్రారంభించెను. కథ దైత్యుల పరాజయము. అది చూచి ఓర్వలేక విరూపాక్షుడు మొదలగువారు విఘ్నులను కూర్చుకొని వచ్చి తమ మాయచేత నటుల మాటను, నడకను, జ్ఞాపకమును స్తంభింపజేసిరి. ఒక్కసారియైనను రంగమెక్కినవాడు ఈ మూటిని చదివి నవ్వుకొనకుండ ఉండలేడు. పద్యము నోటికి రాకపోవుట, కాలు కదలకపోవుట, నెలదినములు వల్లించినది తుడిచివేసినట్లు పోవుట, ఇవియే గదా నేటికిని క్రొత్త నటుని పట్టు మూడు భూతములు! ఇంద్రుడు ధ్వజస్తంభముతో విఘ్నులను కొట్టెను. అయినను బెదిరింపులు ఆగలేదు. విశ్వకర్మ నాట్యగృహమును కట్టెను. అందలి ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క దేవత కావలి నిలిచెను. పిమ్మట బ్రహ్మ విఘ్నులతో సామోక్తులాడి, నాట్యము ఒకరి పక్షము కొరకు పుట్టినది కాదనియు, మూడు లోకముల నడవడికయు అందు చూపబడుననియు నచ్చజెప్పెను.

ఈ వృత్తాంతమునందు నటుల విద్యాలోపము ఎక్కడను చెప్పబడలేదు. వారు భరతుని శిష్యులు. విద్య సంపూర్ణముగా ఉన్నను భయము దానిని కట్టివేసెను. తన్ను కాచువారు కలరను ధైర్యము కలిగిన తరువాతనే ఆట సాగెను. రంగస్థలముపై నటుని కాచువారెవరు? నేడు స్తంభమునకొక దేవత నిలువదు. ప్రక్కనున్న తోటినటుడే కావలివాడు. వానిపై నమ్మకము లేనిచో ఎంత చదివినను, ఎంత వల్లించినను ప్రయోజనము తక్కువ.

ఇచ్చట నమ్మకమనగా స్నేహము మాత్రమే కాదు. ప్రాణస్నేహితులైన ఇద్దరు రంగముపై ఒకరినొకరు చెడగొట్టుకొనవచ్చును. వీధిలో పలుకరించుకొననివారు తెర లేచిన తరువాత ఒకరినొకరు అందుకొనవచ్చును. రాయబారములో పద్యమెత్తుకొన్న నటునికి మూడవ పాదము జారినపుడు ఎదుటివాడు ఒక మాట అందించి దారిలో పెట్టుట, గొంతు తగ్గినదని గ్రహించి హార్మోనిస్టు శ్రుతి దించుట, గదాయుద్ధములో దెబ్బ ఎంతవరకు రావలెనో అంతవరకే వచ్చుట, తెర లాగువాడు కునుకు తీయకుండుట, ఇవి నటబృందమునందలి నమ్మకమునకు రూపములు. ఇది మనసులో ఉండు భావము మాత్రమే కాదు. ఒంటికి పట్టిన అలవాటు. అలవాటు కావుననే దానికి అభ్యాసము కావలసియున్నది.

మన ఆంధ్రదేశమునందు దీనికి గొప్ప తార్కాణము సురభి నాటక సమాజము. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకముతో ప్రారంభించిన ఆ సమాజము తరతరములుగా కుటుంబ సమాజమై నిలిచినది. తల్లి, తండ్రి, బిడ్డలు, కోడండ్రు అందరును నటులే. పసిబిడ్డ పాత్ర వలసినచో ఇంటి పసిబిడ్డయే రంగమెక్కును. సురభివారి మాయాబజారు మొదలగు నాటకములలో పాత్రలు తీగలపై ఆకాశమున తేలుట చూచి జనులు విస్తుపోవుదురు. పైన తేలువానికి క్రింద తీగ పట్టినవాడు కనబడడు. వాడు తన మేనమామయో, అన్నయో అని తెలియును. అంతియే ధైర్యము. ఇచ్చట నమ్మకమును ప్రత్యేకముగా నేర్పనక్కరలేదు. అది ఉగ్గుపాలతో వచ్చినది.

దీనికి వ్యతిరేకమైనది కంట్రాక్టు నాటకము. పేరుమోసిన నటులను తలకొక ఊరినుండి పిలిపించి, ఆ ఒక్క రాత్రికి ఒక్క రంగముపై నిలుపుట ఆంధ్రదేశమున చాలకాలము సాగినది. ఒక్క నాటకమునకు ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండెడివారు. అందు మహానటులు ఉండిరనుటలో సందేహము లేదు. కాని వారు ఒకచోట కూడి రిహార్సలు చేసికొనుటకు వ్యవధి ఎచ్చటిది? ఒకరి పద్యమునకు ‘వన్సుమోరు’ వచ్చినచో రెండవవానికి పట్టుదల పెరుగును. కథ వెనుకబడి పోటీ ముందునకు వచ్చును. ప్రేక్షకులకు పద్యము దక్కెను గాని నాటకము దక్కలేదని ఆనాటి విమర్శకులు వాపోయిరి.

మరి సురభివారివలె ఒక ఇంట పుట్టక, కంట్రాక్టు నటులవలె ఒక్క రాత్రికి చేరక, ఊరిలో పదిమంది పదిరకముల వారు కలిసి నాటకమాడదలచినప్పుడు వారి నడుమ ఈ నమ్మకము ఎట్లు పుట్టును? 20వ శతాబ్దియందు వేరువేరు దేశములలో కొందరు ఈ ప్రశ్ననే ఎదుర్కొనిరి. వారిలో పలువురు ఒకరినొకరు ఎరుగరు. అయినను వారికి దొరకిన జవాబు ఒక్కటియే. నాటకమునకు ముందు ఆట ఆడవలెను.

ఈ చరిత్రయందు మొదట చెప్పదగిన స్థలము అమెరికాలోని షికాగో నగరము. అచ్చట 1889లో జేన్ ఆడమ్స్, ఎల్లెన్ గేట్స్ స్టార్ అను ఇద్దరు స్త్రీలు హల్ హౌస్ అను సేవాసదనమును స్థాపించిరి. దాని చుట్టునున్న పేటలలో ఇటలీ, గ్రీసు, రష్యా, పోలెండు మొదలగు దేశములనుండి కూలికై వచ్చిన కుటుంబములు నివసించుచుండెను. ఒక వీధివారి భాష మరియొక వీధివారికి తెలియదు. మతములు వేరు, తిండి వేరు. అట్టి ఇండ్ల పిల్లలను ఒకచోట కూర్చుండబెట్టి ఐకమత్యమును గూర్చి ఉపన్యసించినచో వారికి భాషయే అర్థము కాదు. ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమానములో పాలు లభించినది.

ఆ సదనముతో సంబంధము గల నీవా బోయ్డ్ అను ఉపాధ్యాయిని పిల్లలను ఆడించువారికి శిక్షణ నిచ్చుటకు 1911లో షికాగోలో ఒక పాఠశాలను స్థాపించెను. 1920 దశాబ్దిలో ఆమె తన బోధనను హల్ హౌస్‌నందే సాగించెను. నానాదేశముల జానపద క్రీడలను, నృత్యములను, కథలను ఆమె సేకరించెను. ఆటను ఆమె పొద్దుపుచ్చు పనిగా తలచలేదు. ఆటలో దిగినవాడు తనంతట తానే నియమమునకు లోబడును. ఆ నియమము బలవంతునికి ఒకటి, బలహీనునికి ఒకటి యుండదు. ఎదుటివాడు నియమము తప్పడని నమ్మినప్పుడే తాను పరుగెత్తును. ఈ విధముగా పిల్లవానికి చెప్పకయే సంఘజీవనము అలవడునని ఆమె మతము.

బోయ్డ్ వద్ద 1924 నుండి 1927 వరకు శిక్షణ పొందిన శిష్యురాలు వయోలా స్పోలిన్. ఈమె 1906లో షికాగోలో, రష్యానుండి వలస వచ్చిన యూదు కుటుంబమున జన్మించెను. 1930 దశాబ్ది చివర, దేశమంతయు నిరుద్యోగముచే క్రుంగియుండగా, ప్రభుత్వము నడపిన ఉపాధి పథకము క్రింద షికాగోలో నాటక శిక్షణ పర్యవేక్షణము ఆమెకు అప్పగింపబడెను. నటనమును గూర్చిన సిద్ధాంతములు ఆ పేటల పిల్లలకు, పెద్దలకు తలకెక్కవు. ‘దుఃఖించుము’, ‘సహజముగా నుండుము’ అని చెప్పిన కొలదియు వారు బిగిసిపోవుదురు. అపుడామె గురువుగారి మార్గమును రంగస్థలమునకు మలచెను. నటనమునందలి ప్రతి చిక్కునకు ఒక ఆటను కల్పించెను. ఆటలో మునిగినవానికి తనవైపు తాను చూచుకొను తీరిక ఉండదు. తీరిక లేనప్పుడు భయమునకు చోటు లేదు.

ఆమె ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది అద్దము ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలుతురు. ఒకడు నెమ్మదిగా కదలును. రెండవవాడు అద్దములోని ప్రతిబింబమువలె వానినే అనుసరించును. కొంతసేపటికి ఇద్దరును స్థానములు మార్చుకొందురు. ఆట నడపువాడు ఈ మార్పును త్వరత్వరగా చెప్పుచు పోయి, తుదకు ఎవరును నాయకులు కాకుండ ఒకరినొకరు అనుసరింపుడనును. అపుడు కదలిక ఎవరినుండి పుట్టుచున్నదో చూచువారికి తెలియదు, ఆడువారికిని తెలియదు. ఇందు ఒక చిన్న ధర్మము కలదు. ముందు కదలువాడు తన నేర్పు చూపుటకై వేగిరపడినచో వెనుకవాడు అందుకొనలేడు, అద్దము పగులును. కావున పైచేయిగా నున్నవాడే వెనుకవానికొరకు ఆగవలెను.

మరియొకటి లేని త్రాటితో ఆడు లాగుడుపందెము. నిజమైన త్రాడు లేదు. ఇద్దరును త్రాడున్నట్లు భావించి లాగవలెను. చూచువారికి ఒక్క త్రాడే కనబడవలెను. ఇరుప్రక్కలవారును గెలువదలచి వెనుకకే పోయినచో త్రాడు సాగినట్లగును. ఆ క్షణముననే ఆట చెడును. ఒకడు ఎంత వెనుకకు పోవునో రెండవవాడు అంత ముందునకు ఈడ్వబడవలెను. ఎదుటివాని బలమును ఒప్పుకొనినగాని తన బలము కనబడదు. ఇంకొక ఆటలో ఒకడు వచ్చి యంత్రములో ఒక భాగమువలె కదలుచుండును. అది ఏ యంత్రమో గ్రహించినవాడు వచ్చి మరియొక భాగమగును. మన ఊరివారు ఆడినచో అది చెరకు గానుగయో, సాలెవాని మగ్గమో కావచ్చును. ఎవరి భాగము చిన్నదైనను అది ఆగినచో గానుగ ఆగును.

స్పోలిన్ మరియొక నియమమును గట్టిగా పట్టెను. ఆట ముగిసిన పిదప ‘బాగుగా చేసితివి’, ‘చెడగొట్టితివి’ అను మాటలు పనికిరావు. త్రాడు కనబడినదా, లేదా యని మాత్రమే అడుగవలెను. మెప్పుకొరకు ప్రాకులాట, నిందకు జంకు, ఈ రెండును మనిషిని కట్టివేయు సంకెలలని ఆమె భావించెను. 1946 నుండి హాలీవుడ్‌లో బాలబాలికల నాటక సంఘమును నడపి, 1955లో ఆమె షికాగోకు తిరిగివచ్చెను. ఆమె కుమారుడు పాల్ సిల్స్ మరి ఇద్దరితో కలిసి 1959లో సెకండ్ సిటీ అను రంగశాలను నెలకొల్పెను. వ్రాసిపెట్టిన సంభాషణ లేకుండ, ఒకరి మాటను ఒకరు అందుకొని అప్పటికప్పుడు అల్లు నాటికలకు అది ప్రసిద్ధి పొందెను. 1963లో స్పోలిన్ రెండు వందలకు పైగా ఆటలను గ్రంథరూపమున ప్రకటించెను. ఆ సంవత్సరమే గురువుగారైన బోయ్డ్ కాలధర్మము చెందెను. స్పోలిన్ 1994 వరకు జీవించెను.

షికాగో కంటె ముందే ఫ్రాన్సు దేశమందు ఇట్టి ప్రయత్నము వేరొక దారిని మొదలైనది. జాక్ కోపో అను విమర్శకుడు 1913లో పారిస్ నగరమున వ్యూ కొలంబియే అను రంగశాలను తెరచెను. తెరచుటకు ముందు, ఆ వేసవిలో, నటులను నగరమున ఉంచక ఒక పల్లెకు తీసికొనిపోయెను. అచ్చట ఆరుబయట చదువు, వ్యాయామము, రిహార్సలు కలిసి సాగెను. పిమ్మట ఆయన సహచరురాలు స్యూజాన్ బింగ్ పిల్లల ఆటలను శ్రద్ధగా పరిశీలించి, వానిని నటశిక్షణలో ప్రవేశపెట్టెను. కోపోను గూర్చి ఒక సంగతి వాడుకలో నున్నది. ఒక నటి రిహార్సలులో బిగిసిపోయి ఎంత చెప్పినను కదలలేకపోయెను. ఆయన విసిగి ఆమె ముఖముపై చేతిగుడ్డ కప్పెను. ముఖము దాగినంతనే ఆమె శరీరము సడలి, అభినయము చక్కగా సాగెను. ఆ పాఠశాలలో ముసుగు వేసికొని చేయు అభ్యాసములకు ఇది నాంది యయ్యెను. నాట్యశాస్త్రము చెప్పిన స్తంభనము ఇచ్చటను కనబడుచున్నది. పదిమంది కండ్లు తన ముఖముపై నున్నవను తలపే ఆమెకు విఘ్నము.

కోపో 1924లో పారిస్‌ను విడిచి, శిష్యులతోను కుటుంబములతోను బర్గండీ ప్రాంతపు పల్లెకు చేరెను. అచ్చటి రైతులు ఈ బృందమును ముద్దుగా కోపోవారు అను అర్థము వచ్చు కోపియో యను పేరుతో పిలిచిరి. ద్రాక్షతోటల నడుమ, పంట పండుగలలో, సంత మైదానములలో వారు నాటకములాడిరి. రైతుల పనిపాటలను చూచి అభినయము నేర్చిరి. బృందము 1929లో విడిపోయినను, అందలి శిష్యులు ఆ విద్యను దేశదేశములకు తీసికొనిపోయిరి. నాగరక రంగస్థలము తన కీళ్ళు సడలించుకొనుటకు పల్లెకు రావలసివచ్చుట పల్లెవారు గమనింపదగిన విషయము.

ఇంగ్లండునందు జోన్ లిటిల్‌వుడ్ 1945లో ఏర్పడిన థియేటర్ వర్క్‌షాప్ బృందమునకు దర్శకురాలు. ఈ బృందము 1953లో లండన్ తూర్పు భాగమున, శ్రామికులుండు పేటలో స్థిరపడెను. 1956లో కారాగార జీవితమును గూర్చిన బ్రెండన్ బీహన్ నాటకమును సిద్ధపరచునపుడు ఆమె నటులకు వెంటనే పాత్రలు పంచలేదు. రంగశాల డాబాపైకి తీసికొనిపోయి, ఖైదీలు జైలు ఆవరణలో తిరుగునట్లు గుండ్రముగా గంటలకొలది నడిపించెను. ఎవరికి ఏ వేషమో తెలియక ముందే అందరును ఒక్క కష్టమును పంచుకొనిరి. ఆమె బృందమున నటుడైన క్లైవ్ బార్కర్ అనంతరకాలమున ఇట్టి ఆటలను శాస్త్రీయముగా పరిశీలించి 1977లో గ్రంథము వ్రాసెను. అదే లండనులో రాయల్ కోర్టు రంగశాలయందు బోధించిన కీత్ జాన్‌స్టన్ తోటినటుడు తెచ్చిన ఊహను త్రోసివేయకుండ స్వీకరించుటయే అప్పటికప్పుడు అల్లు నాటకమునకు ప్రాణమని చెప్పెను. ‘అదిగో పులి’ అని ఒకడు కేకవేసినచో, ‘అది పిల్లి’ యని రెండవవాడు నవ్వించుట తేలిక. కాని మొదటివాడు మరి నోరు విప్పడు.

ఈ చరిత్రలో మిక్కిలి బాధాకరమును, ఉదాత్తమును అగు అధ్యాయము బ్రెజిల్ దేశమునకు చెందినది. అగస్టో బోవల్ 1931లో జన్మించి, 1956 నుండి సావో పాలో నగరమందలి అరీనా నాటకశాలలో దర్శకుడుగా పనిచేసెను. దేశము సైనిక పాలనలో నుండగా 1971లో ఆయన నిర్బంధింపబడి, హింసలకు గురియై, దేశము విడిచిపోవలసివచ్చెను. 1973లో పెరూ దేశమున అక్షరాస్యతా ఉద్యమముతో కలిసి పనిచేయుచు, చదువురాని పేదలతో నాటకములాడించెను. 1974లో పీడితుల నాటకశాలను గూర్చిన ఆయన గ్రంథము వెలువడెను. ప్రేక్షకుడు చూచుచు కూర్చుండక, తానే లేచి కథను మార్చవలెనని ఆయన కోరిక. కాని ఎన్నడును పెద్దల యెదుట నోరెత్తని మనిషి ఒక్కసారిగా రంగమెక్కునా? దానికి ఆయన కనుగొన్న మొదటి మెట్టు ఆటలు.

చేయు పనిని బట్టి మనిషి శరీరము బిగిసిపోవునని బోవల్ చెప్పెను. ఇది పల్లెలో అందరెరిగిన సత్యమే. నాట్లు వేయు స్త్రీ నడుము, బరువు మోయువాని మెడ, దినమంతయు లెక్కలు వ్రాయువాని భుజము తమ తమ పనులకే అలవాటుపడి మరియొక భంగిమను మరచిపోవును. వంగి నమస్కరించుటకే అలవాటైన వీపునకు రాజు వేషమున నిటారుగా నిలుచుట కష్టము. ఈ బిగువును విప్పుటకు ఆయన కూర్చిన ఆటలలో కొన్ని కండ్లు మూసికొని ఆడునవి. ఒకదానిలో ముందువాడు కండ్లు మూసికొని నడచును. వెనుకవాడు నోట మాటలాడక, వీపుపైని, భుజములపైని వ్రేళ్ళ స్పర్శతో దారి చూపును. ఒకరికొకరు తగులకుండ పలు జంటలు ఒకేసారి తిరుగవలెను. మరియొకదానిలో ఒకడు తన అరచేతిని రెండవవాని ముఖమునకు జానెడు దూరమున పట్టుకొని కదలించును. ముఖము ఆ దూరమును తప్పక చేతిని వెంబడింపవలెను. చేయి పట్టినవాడు తన అధికారమును ఎంత జాగ్రత్తగా వాడవలెనో అప్పుడు తెలియును. పిమ్మట పాత్రలు మారును. నడిపినవాడు నడుపబడును. బోవల్ 2009లో దివంగతుడయ్యెను.

ఆయన విధానము భారతదేశమునకును వచ్చినది. పశ్చిమ బెంగాలులో 1985లో సంజయ్ గంగూలీ స్థాపించిన జన సంస్కృతి అను సంస్థ సుందరవన ప్రాంతపు పల్లెలలో వ్యవసాయ కూలీలతోను, స్త్రీలతోను ఈ నాటకపద్ధతిని నడపెను. ఆ రాష్ట్రమందే బాదల్ సర్కార్ (1925–2011) తెరలు, దీపములు, అలంకారములు వదలి, నటుని శరీరమునే ఆధారముగా గొని, శిక్షణ శిబిరములలో ఆటలను అభ్యాసములుగా వాడెను.

ఇవి యన్నియు విదేశముల విద్యలని తెలుగు పల్లె బెదరనక్కరలేదు. ఇట్టి ఆటలు మన వాకిళ్ళలోనే కలవు. ఒప్పులకుప్ప ఆడు బాలికలు ఇద్దరును చేతులు పెనవేసికొని, పాదములు దగ్గర చేర్చి, వెనుకకు వాలి గిరగిర తిరుగుదురు. ఒకతె బరువు రెండవయామె చేతిలో నుండును. ఎవరు చేయి వదలినను ఇద్దరును పడుదురు. నమ్మకమునకు ఇంతకంటె స్పష్టమైన పాఠము ఏ గ్రంథమున నున్నది? కోలాటములో కోల కొట్టువాడు ఎదుటి కోల వచ్చునని నమ్మియే చేయి విసరును. అది రానిచో దెబ్బ వ్రేళ్ళపై బడును. కండ్లగంతలలో గంతలు కట్టించుకొన్న పిల్లవాడు తోడివారి గొంతులను బట్టియే దారి తెలిసికొనును. పెద్దవారమైతిమని వీనిని వదలివేయుటయే లోపము. స్పోలిన్, బింగ్ మొదలగువారు చేసినది పెద్దలకు ఈ ఆటలను తిరిగి ఇచ్చుటయే.

అయినను ఇందు జాగ్రత్తలు కలవు. నేడు కొన్ని బృందములు నమ్మకమును నేర్పుదుమని చెప్పి, ఒకనిని నిలువుగా వెనుకకు పడుమని, తక్కినవారు పట్టుకొందుమని మొదటి దినముననే ఆడింతురు. ఇది సరి కాదు. పట్టుకొనుట నేర్వని చేతులలో పడినవానికి తలకు గాయమగును. అద్దము ఆటవంటి తాకుడు లేని ఆటలతో మొదలిడి, చేయి పట్టుకొనునవి, కండ్లు మూసికొనునవి క్రమముగా ఆడింపవలెను. పడు ఆటకు పూర్వము పట్టుకొనువారికి శిక్షణ కావలెను. ఒకరు ‘ఈ ఆట నేనాడను’ అన్నచో వారిని బలవంతపెట్టరాదు, ఎగతాళి చేయరాదు. ముఖ్యముగా స్త్రీల విషయమున వారి సమ్మతి లేక తాకు ఆట యెంతమాత్రమును కూడదు. వద్దన్న మాటను మన్నించినచోటనే నమ్మకము మొలచును. బలవంతపు నమ్మకము అధికారమునకు మారుపేరు.

మరియు ఆటవలన సర్వమును సిద్ధించునని తలచుటయు భ్రమయే. సమాజపు చందాల లెక్క చూపనివానిని అద్దము ఆట సత్యవంతుని చేయదు. రిహార్సలుకు రాక, ప్రదర్శనము రాత్రి మాత్రము కృష్ణవేషము కోరువానిని ఏ ఆటయు బాగుచేయదు. లెక్కలు గోడపై అంటింపవలెను, వేషములు న్యాయముగా పంచవలెను. ఆట ఈ న్యాయమునకు తోడుగా నిలుచునే గాని బదులుగా నిలువజాలదు.

ఊరి నాటక సమాజములు చెడుటకు కారణమును విచారించినచో విద్య కొరవడి చెడినవి తక్కువ. వేషముల తగవులు, ఒకరి మాట ఒకరు పడకపోవుట, ఎవరి వీధివారు వారే యగుట, ఇవి చెరచినవి ఎక్కువ. పల్లెలో మనుషులు ఒకరినొకరు పుట్టినది మొదలు ఎరుగుదురు. కాని ఒకరి చేతిని ఒకరు పట్టుకొననివారు ఎందరో కలరు. భూమిగలవాని కుమారుడును, వాని పొలమున కూలిచేయువాని కుమారుడును ఒకే నాటకమున ఉండవచ్చును. కథలో ఒకడు ధర్మరాజు, ఒకడు భటుడు. ఆ వేషముల పంపకమునందే ఊరి వరుస తిరిగి కూర్చుండును. అద్దము ఆటలో మాత్రము ఒక నిమిషము భూస్వామి కుమారుడు కూలివాని కుమారుని కదలికను అనుసరింపవలెను. అరచేతి ఆటలో నడిపినవాడు నడుపబడును. కండ్లు మూసికొన్నవానికి తన భుజముపై నున్నది ఏ కులమువాని వ్రేలో తెలియదు. తెలిసినను దారి చూపునది అదియే. షికాగో పేటలో భాష తెలియని పిల్లలకు నియమము ఒకటి చేసి బోయ్డ్ సాధించినది ఇదియే. పల్లెలోనిది భాషాభేదము కాదు. అయినను దూరము దూరమే.

గ్రంథాలయము దీనికి తగిన తావు. అది ఏ ఒక్కరి అరుగు కాదు. ఏ వీధివాడైనను చెప్పులు విడిచి లోపలికి వచ్చి పత్రిక తెరువవచ్చును. చదువుగది బల్లలు ప్రక్కకు జరిపినచో పదునైదుగురు ఆడుకొనుటకు చోటు కలుగును. నాటకము ఎన్నుకొనుటకు ముందు, వేషములు పంచుటకు ముందు, వారమునకు రెండు సాయంకాలములు చొప్పున ఒక నెల ఆటలకు విడిచినచో చాలును. ఖర్చు లేదు, సామగ్రి లేదు. నడపువాడు మాత్రము ప్రతి ఆటలోను తానును దిగవలెను. ఒడ్డున నిలిచి ఆజ్ఞాపించువానిని ఎవరును నమ్మరు. నెల గడచిన పిదప ఎవరు ఎదుటివాని కొరకు ఆగుదురో, ఎవరు త్రాడును సాగదీయుదురో అందరికిని తెలియును. అప్పుడు వేషముల పంపకమునకు తగవు సగము తగ్గును.

ఇరువదియైదు సంవత్సరములుగా పుస్తకములను ఒకరి చేతినుండి ఒకరి చేతికి అందించిన గ్రంథాలయమునకు ఈ పని క్రొత్తది కాదు. పుస్తకము తీసికొన్నవాడు తిరిగి తెచ్చునను నమ్మకముపైననే ఇన్నాళ్ళు ఈ సంస్థ నడచినది. ఆ నమ్మకమునే పుస్తకములనుండి మనుషులకు చాపినచో ఊరిలో మంచి నాటకము తయారగును. నాటకము ముగిసి తెర పడిన తరువాతను ఆ చేతులు విడివడకుండుగాక.